ట్యాగు మీద ట్యాగు: కోల్‌కతా ఫైబర్‌లో కనిపించని సొరంగాలు

కోల్‌కతాలో హుగ్లీ నది అడుగున సుమారు 520 మీటర్ల మేర మెట్రో రైలు సొరంగం ఉంది. 2024 మార్చిలో ప్రారంభమైనప్పుడు, దేశంలో నది కింద నడిచే తొలి మెట్రోగా ఇది వార్తల్లోకెక్కింది. ఆ భాగాన్ని రైలు దాదాపు 45 సెకన్లలో దాటేస్తుంది. ఇదే మార్గం బీబీడీ బాగ్‌లోని మహాకరణ్ స్టేషన్ మీదుగా నగరానికి తూర్పున ఉన్న సాల్ట్‌లేక్ సెక్టార్-5 వరకు వెళ్తుంది. ఒక చివర బ్యాంకులు, పాతకాలపు ప్రభుత్వ భవనాలు. మరో చివర సాఫ్ట్‌వేర్ సంస్థలు, డేటా కేంద్రాలు.

ఈ రెండు ప్రాంతాల మధ్య మనుషులతో పాటు సమాచారమూ క్షణం ఆగకుండా ప్రయాణిస్తూ ఉంటుంది. దానికీ సొరంగాలున్నాయి. అయితే వాటిని తవ్వడానికి యంత్రాలు అక్కర్లేదు. సమాచారపు ప్రతి ముక్కకూ 4 బైట్ల చీటీ ఒకటి అదనంగా అంటిస్తే చాలు. టెలికాం సంస్థలు దీన్ని వీల్యాన్ టన్నెలింగ్ అంటాయి. ఆ చీటీని సరిగా అంటిస్తే ఒక బ్యాంకు, ఒక ఆసుపత్రి ఒకే ఫైబర్‌ను వాడుకుంటూ కూడా ఒకదాని సంగతి మరొకదానికి తెలియకుండా పనిచేసుకోగలవు. ఎక్కడైనా పొరపాటు జరిగితే మాత్రం ఒకరి సమాచారం మరొకరి గుమ్మంలో పడవచ్చు. లేదా ఒక ఊరి నెట్‌వర్క్ మొత్తం నిమిషాల్లో స్తంభించిపోవచ్చు.

తీగను పంచుకోవడమే అసలు సమస్య

దూరసమాచార చరిత్రలో కోల్‌కతాకు ప్రత్యేక స్థానం ఉంది. విలియం బ్రూక్ ఓషానెసీ 1839లోనే ఇక్కడ తంతి ప్రయోగాలు చేశాడు. 1850లో కోల్‌కతా - డైమండ్ హార్బర్ మధ్య తంతి మార్గం పని మొదలైంది. 1882 జనవరి 28న కౌన్సిల్ హౌస్ స్ట్రీట్‌లోని ఒక భవనం మూడో అంతస్తులో టెలిఫోన్ ఎక్స్ఛేంజి ప్రారంభమైంది. దాని చందాదారులు 93 మంది. భారత్‌లో తొలి మొబైల్ ఫోన్ కాల్ కూడా 1995 జులై 31న ఈ నగరం నుంచే వెళ్లింది. అప్పటి ముఖ్యమంత్రి జ్యోతిబసు రైటర్స్ బిల్డింగ్ నుంచి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు.

చందాదారులు 93 మంది ఉన్నప్పుడు ఒక్కొక్కరి ఇంటికీ విడిగా తీగ లాగవచ్చు. లక్షల మంది ఉన్నప్పుడు, నగరం ఈ చివరి నుంచి ఆ చివరికి ప్రతి సంస్థకూ సొంత ఫైబర్ వేయడం కుదరదు. ఖర్చు ఒక ఎత్తు, చోటు మరొక ఎత్తు. స్తంభాల మీద గుత్తులు గుత్తులుగా వేలాడే కేబుళ్లను చూసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. కాబట్టి సర్వీస్ ప్రొవైడర్ ఒక బలమైన ఫైబర్ వేసి, దాన్నే అనేక మందికి పంచుతాడు. అందరూ నడిచే ఆ దారిలో ఎవరి సరుకు వారిదేనని గుర్తుపట్టడం ఎలా? వీల్యాన్ టన్నెలింగ్ ఈ ప్రశ్నకు జవాబు.

చీటీలో ఏముంటుంది?

కార్యాలయాల్లో కంప్యూటర్లను కలిపే ఈథర్‌నెట్ పద్ధతి 1973లో అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో రూపుదిద్దుకుంది. ఇందులో సమాచారం ఫ్రేములనే ముక్కలుగా వెళ్తుంది. ప్రతి ఫ్రేము ముందుభాగంలో చేరాల్సిన యంత్రం చిరునామా, పంపిన యంత్రం చిరునామా ఉంటాయి. వీటిని మ్యాక్ చిరునామాలంటారు. ఆ తర్వాత లోపలి సరుకు ఏ రకమో చెప్పే రెండు బైట్ల సంకేతం, ఆపై అసలు సమాచారం, చివర్లో తప్పొప్పులు సరిచూసే నాలుగు బైట్లు ఉంటాయి. మామూలు ఫ్రేము గరిష్ఠ పరిమాణం 1518 బైట్లు.

ఈ ఫ్రేములను ఒక తీగ నుంచి మరో తీగకు మళ్లించే పెట్టెనే స్విచ్ అంటారు. ఏ చిరునామా ఏ పోర్టు వైపు ఉందో అది తనంతట తానే నేర్చుకుంటుంది. తెలియని చిరునామాకు ఫ్రేము వస్తే అన్ని పోర్టులకూ పంపేస్తుంది. 'అందరికీ' అని రాసి ఉన్న ఫ్రేముల విషయంలోనూ అంతే. పది కంప్యూటర్లున్న గదిలో దీనివల్ల ఇబ్బంది లేదు. వేల కంప్యూటర్లు చేరితే ఈ కేకలతోనే నెట్‌వర్క్ నిండిపోతుంది. పైగా జీతాల విభాగం కంప్యూటర్ వేసిన కేక రిసెప్షన్ బల్ల దాకా వినిపిస్తుంది.

1980ల్లో బెల్‌కోర్ సంస్థలో పనిచేసిన డేవిడ్ సింకోస్కీ, పెద్ద ఈథర్‌నెట్‌లను ఎలా నడపాలనే సమస్యతో కుస్తీ పడుతూ ఒక ఉపాయం కనుగొన్నాడు. ఒకే పరికరాల మీద అనేక నెట్‌వర్క్‌లు వేర్వేరుగా ఉన్నట్టు నడిపించడమే ఆ ఉపాయం. అది ఎదిగి వర్చువల్ ల్యాన్ లేదా వీల్యాన్ అయింది. 1998లో ఐఈఈఈ సంస్థ 802.1క్యూ పేరుతో దానికి ప్రమాణం రూపొందించింది.

ఆ ప్రమాణం ప్రకారం, పంపినవారి చిరునామా తర్వాత 4 బైట్ల ట్యాగు చేరుతుంది. అందులో మొదటి 16 బిట్లు 'ఇది ట్యాగు' అని చెప్పే గుర్తు. హెక్సాడెసిమల్ లెక్కలో దాని విలువ 8100. తర్వాతి 3 బిట్లు ప్రాధాన్యాన్ని చెబుతాయి. రద్దీ పెరిగితే ఏ ఫ్రేమును ముందుగా వదులుకోవచ్చో మరో బిట్ సూచిస్తుంది. మిగిలిన 12 బిట్లు వీల్యాన్ సంఖ్య. ఒక వీల్యాన్‌లో పుట్టిన ఫ్రేమును స్విచ్ అదే సంఖ్య ఉన్న పోర్టులకే పంపుతుంది. మిగతా పోర్టులకు దాని ఉనికే తెలియదు.

12 బిట్లతో 4096 సంఖ్యలు వస్తాయి. వాటిలో 0, 4095 ప్రత్యేక అవసరాలకు పోగా వాడుకోదగినవి 4094. ఒక కార్యాలయానికి ఇది ధారాళం. చిక్కు వచ్చింది సర్వీస్ ప్రొవైడర్ దగ్గరే.

అందరికీ వీల్యాన్ 10 కావాలి

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఒక బ్యాంకుకు బీబీడీ బాగ్‌లో ప్రధాన కార్యాలయం, సెక్టార్-5లో డేటా కేంద్రం ఉన్నాయి. సిబ్బంది కంప్యూటర్లకు వీల్యాన్ 10, ఏటీఎంలకు 20, సీసీ కెమెరాలకు 30 కేటాయించుకుంది. దక్షిణ కోల్‌కతాలోని ఒక ఆసుపత్రికి సాల్ట్‌లేక్‌లో రోగనిర్ధారణ కేంద్రం ఉంది. అది బిల్లింగ్‌కు వీల్యాన్ 10, ల్యాబ్ నివేదికలకు 20, స్కానింగ్ చిత్రాలకు 30 వాడుతోంది. ఇద్దరూ ఒకే ప్రొవైడర్‌ను ఆశ్రయించి, 'మా రెండు చోట్లనూ ఒకే భవనంలో ఉన్నట్టు కలపండి' అని అడిగారు.

ప్రొవైడర్ వాళ్ల ఫ్రేములను ఉన్నవి ఉన్నట్టుగా తన నెట్‌వర్క్‌లోకి వదిలితే బ్యాంకు 10, ఆసుపత్రి 10 కలిసిపోతాయి. సంఖ్యలు మార్చుకోమని ఒకరిని అడిగితే, వందల పరికరాల అమరిక తిరగరాయాలి. రేపు మూడో వినియోగదారు వస్తే మళ్లీ అదే తంటా. అడిగిన వీల్యాన్లన్నీ ఇచ్చుకుంటూ పోతే, ఒక్కొక్కరికి 40 చొప్పున లెక్కేసినా వంద మందికే 4094 దాదాపు అయిపోతాయి. కోల్‌కతా లాంటి నగరంలో వంద సంస్థలంటే ఒకటి రెండు వీధులకు కూడా చాలవు.

తపాలా సంచి కిటుకు

ఈ సమస్యను తపాలా శాఖ ఎప్పుడో పరిష్కరించుకుంది. విశాఖపట్నంలో డబ్బాలో వేసిన వందలాది ఉత్తరాల్లో కోల్‌కతాకు వెళ్లేవన్నీ ఒక సంచిలోకి చేరతాయి. సంచి మూతికి సీలు వేసి, చేరాల్సిన కార్యాలయం పేరుతో ఒక చీటీ కడతారు. దారిలో రైల్వే మెయిల్ సర్వీస్ సిబ్బంది చూసేది సంచి చీటీనే. లోపలి ఉత్తరాల మీద ఏ వీధి పేరుందో, ఏ ఇంటి నంబరుందో వాళ్లకు అక్కర్లేదు. కోల్‌కతా చేరాక సంచి విప్పుతారు. అప్పుడు ఉత్తరాల మీది చిరునామాలకు పని పడుతుంది.

వీల్యాన్ టన్నెలింగ్‌లోనూ జరిగేది ఇదే. వినియోగదారు ట్యాగును ముట్టుకోకుండా, దానికి ముందు ప్రొవైడర్ తన సొంత ట్యాగు మరొకటి చేరుస్తాడు. బ్యాంకుకు బయటి ట్యాగు 100, ఆసుపత్రికి 200 అనుకుందాం. ప్రొవైడర్ నెట్‌వర్క్ మధ్యలో ఉన్న స్విచ్‌లు 100ను, 200ను మాత్రమే చూస్తాయి. లోపల 10 ఉందో 30 ఉందో పట్టించుకోవు. అవతలి చివర బయటి ట్యాగు ఊడదీస్తారు. ఫ్రేము ఎలా బయల్దేరిందో అలాగే చేరుతుంది. పోలికలో తేడా ఒక్కటే: తపాలాలో ఒక సంచిలో వందల ఉత్తరాలుంటాయి, ఇక్కడ ప్రతి ఫ్రేముకూ దాని సంచి దానిదే.

802.1క్యూ ట్యాగు లోపల మరో 802.1క్యూ ట్యాగు ఉండడంతో ఇంజినీర్లు దీన్ని 'క్యూ-ఇన్-క్యూ' అని పిలవసాగారు. మొదట పరికరాల కంపెనీలు ఎవరికి వారు దీన్ని అమలు చేశాయి. 2005 చివర్లో ఐఈఈఈ 802.1ఏడీ పేరుతో దీనికి ప్రమాణాన్ని ఆమోదించింది. బయటి ట్యాగును లోపలిదాని నుంచి వేరుగా గుర్తుపట్టేందుకు 8100కు బదులు 88ఏ8 అనే గుర్తును నిర్ణయించింది.

దీనికి అయ్యే ఖర్చెంత? 4 బైట్లంటే 32 బిట్లు. సెకనుకు ఒక గిగాబిట్ వేగంతో నడిచే లైనులో అది 32 నానోసెకన్ల పని. ఆ వ్యవధిలో ఫైబర్‌లో కాంతి ఆరు మీటర్ల పైచిలుకు దూరం మాత్రమే వెళ్తుంది. పూర్తి నిడివి ఫ్రేములో ఈ అదనపు భారం 0.3 శాతం కూడా ఉండదు. అతి చిన్నదైన 64 బైట్ల ఫ్రేములో మాత్రం 6 శాతం దాకా ఉంటుంది.

స్విచ్‌లో చేయాల్సిన పనులు

అమరిక మొత్తం అంచున ఉండే స్విచ్‌లోనే జరుగుతుంది. ప్రొవైడర్ స్విచ్‌లో పోర్టులు రెండు రకాలు. వినియోగదారు తీగ వచ్చి చేరేది టన్నెల్ పోర్టు. ప్రొవైడర్ స్విచ్‌లను ఒకదానితో ఒకటి కలిపేది ట్రంకు పోర్టు. ఇంజినీరు ముందుగా బ్యాంకు కోసం వీల్యాన్ 100 సృష్టిస్తారు. బీబీడీ బాగ్‌లో బ్యాంకు తీగ వచ్చే పోర్టును టన్నెల్ పద్ధతిలో పెట్టి, దానికి 100 కేటాయిస్తారు. సెక్టార్-5 స్విచ్‌లోనూ ఇదే చేస్తారు. మధ్యలోని ట్రంకులన్నిటిలో 100కు దారి వదులుతారు. చాలా స్విచ్‌లలో ఇది నాలుగైదు ఆజ్ఞలతో ముగిసే పని. బ్యాంకు వైపు ఏమీ మార్చనక్కర్లేదు. తన స్విచ్‌కు ఎదురుగా ఉన్నది ప్రొవైడర్ పరికరమని కాక, తన అవతలి కార్యాలయమే అన్నట్టు అది పనిచేసుకుపోతుంది.

పని చిన్నదే కానీ, దానితో పాటు సరిచూసుకోవాల్సినవి నాలుగున్నాయి. వీటిని మరిచిపోతే సొరంగం తెరుచుకున్నట్టే కనిపిస్తూ ఇబ్బంది పెడుతుంది.

మొదటిది ఫ్రేము పరిమాణం. 1518 బైట్ల ఫ్రేము ఒక ట్యాగుతో 1522, రెండు ట్యాగులతో 1526 అవుతుంది. దారిలో ఏ ఒక్క స్విచ్ 1522 దగ్గర గీత గీసినా, నిండు ఫ్రేములన్నీ అక్కడ మౌనంగా చెత్తబుట్టలో పడతాయి. 'ఇది పెద్దదైంది' అని పంపినవారికి తిరుగు కబురు పంపే ఏర్పాటు ఈథర్‌నెట్‌లో లేదు. ఈ లోపం లక్షణాలు భలే తికమక పెడతాయి. లైను పరీక్షించే చిన్న పింగ్ సందేశాలు సజావుగా వెళ్తాయి. ఆసుపత్రి బిల్లింగ్ తెరలు తెరుచుకుంటాయి. స్కానింగ్ చిత్రం పంపబోతే మాత్రం మధ్యలో ఆగిపోతుంది. ప్రొవైడర్ 'లైను బాగానే ఉంది' అంటాడు, డాక్టర్ తెర ముందు ఎదురుచూస్తూ ఉంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. అందుకే దారిలోని ప్రతి స్విచ్‌లోనూ గరిష్ఠ పరిమాణాన్ని ముందే పెంచి పెట్టాలి.

రెండోది నేటివ్ వీల్యాన్. ట్రంకులో ఒక వీల్యాన్‌ను మాత్రం ట్యాగు లేకుండా పంపే వెసులుబాటు ఉంటుంది. దాన్నే నేటివ్ వీల్యాన్ అంటారు. పొరపాటున ఒక ట్రంకులో నేటివ్ సంఖ్య 200గా ఉందనుకుందాం. ఆసుపత్రి ఫ్రేము ఆ ట్రంకులోకి వెళ్లేటప్పుడు స్విచ్ నిబంధన ప్రకారం బయటి 200 ట్యాగు తీసేస్తుంది. ఇక మిగిలింది లోపలి 30. రెండు ట్యాగులకూ 8100 గుర్తునే వాడే పరికరాలైతే, తర్వాతి స్విచ్ ఆ 30ను ప్రొవైడర్ సంఖ్యగా పొరబడుతుంది. ప్రొవైడర్ లెక్కలో 30 ఎవరిదో మూడో సంస్థది. సంచి చీటీ ఊడిపోయి, ఉత్తరం మీది ఇంటి నంబరునే ఊరి పేరుగా చదువుకున్నట్టు అవుతుంది. రోగుల స్కానింగ్ సమాచారం పరాయి కార్యాలయం వైపు మళ్లుతుంది. దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. ఎవరికీ కేటాయించని సంఖ్యను నేటివ్‌గా ఉంచాలి, ట్రంకులో ప్రతి ఫ్రేముకూ ట్యాగు తప్పనిసరి చేయాలి.

మూడోది స్విచ్‌ల సొంత సంభాషణ. ఈథర్‌నెట్‌లో ఎక్కడైనా వలయం ఏర్పడితే, 'అందరికీ' అన్న ఫ్రేము ఆ వలయంలో అంతులేకుండా తిరుగుతుంది. ఇన్నిసార్లు తిరిగాక ఆగిపోవాలన్న లెక్క ఈథర్‌నెట్ ఫ్రేములో ఉండదు. గిగాబిట్ లైనులో సెకనుకు 14.88 లక్షల చిన్న ఫ్రేములు పడతాయి. వలయంలో పడ్డ ఫ్రేములు చూస్తుండగానే ఆ సామర్థ్యమంతా మింగేస్తాయి. దీన్ని అరికట్టేందుకు రేడియా పెర్ల్‌మన్ 1985లో స్పానింగ్ ట్రీ అనే పద్ధతిని రూపొందించారు. స్విచ్‌లు తమలో తాము సందేశాలు పంపుకుని, వలయానికి కారణమయ్యే దారిని మూసివేస్తాయి. బ్యాంకు రెండు కార్యాలయాలకు మరో ప్రొవైడర్ ద్వారా అదనపు లైను కూడా ఉంటే, బ్యాంకు స్విచ్‌ల ఈ సందేశాలు సొరంగం దాటి అవతలికి చేరాల్సిందే. ప్రొవైడర్ స్విచ్ వాటిని మింగేస్తే, వలయం ఉన్న సంగతి బ్యాంకు స్విచ్‌లకు తెలియదు.

దీనికి మరో వైపూ ఉంది. వినియోగదారు సందేశాలను ప్రొవైడర్ స్విచ్‌లు తమవే అనుకుని స్పందిస్తే, ఎవరో ఒకరి కార్యాలయంలో పెట్టిన చిన్న స్విచ్ నగర నెట్‌వర్క్ మొత్తానికి దారులు నిర్ణయించే పెద్ద కావచ్చు. అందుకే 802.1ఏడీ ప్రమాణం ప్రొవైడర్ స్విచ్‌ల స్పానింగ్ ట్రీ సంభాషణకు వేరే చిరునామా కేటాయించింది. వినియోగదారు సందేశాలు మామూలు సరుకుగానే దాటిపోతాయి. పాత పద్ధతి పరికరాల్లో ఈ ఏర్పాటును ఇంజినీరు విడిగా చేయాలి.

నాలుగోది ప్రాధాన్యం. బ్యాంకు తన ఫోన్ సంభాషణల ఫ్రేములకు లోపలి ట్యాగులో ఎక్కువ ప్రాధాన్యం రాసి ఉండవచ్చు. మధ్య స్విచ్‌లు చూసేది బయటి ట్యాగునే కాబట్టి, ఆ విలువను బయటికి నకలు చేయమని చెప్పకపోతే రద్దీ వేళలో సంభాషణ ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. దీనితో పాటు 88ఏ8, 8100 గుర్తుల్లో ఏది వాడుతున్నారో ట్రంకు రెండు చివరలా ఒకటే ఉండాలి. వేర్వేరు కంపెనీల స్విచ్‌లను కలిపినప్పుడు ఈ తేడా తరచూ బయటపడుతుంది.

ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లోనూ ఇదే సూత్రం

రెండు ట్యాగుల పద్ధతి పెద్ద సంస్థలకే పరిమితం కాలేదు. కోల్‌కతాలోనూ, తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా ఇళ్లకు బ్రాడ్‌బ్యాండ్ తెచ్చేది స్థానిక కేబుల్ ఆపరేటర్లే. వీధి దాకా వచ్చిన ఒక ఫైబర్‌లోని కాంతిని స్ప్లిట్టర్‌తో 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. అలాంటి ఫైబర్లన్నీ చేరే యంత్రం, దాని వెనుక ప్రొవైడర్ ప్రధాన కేంద్రం ఉంటాయి.

బ్రాడ్‌బ్యాండ్ ఫోరం 2006లో వెలువరించిన టీఆర్-101 అనే పత్రం ఈ ఏర్పాటుకు రెండు నమూనాలు చూపింది. ఒక నమూనాలో అనేక ఇళ్లు ఒకే వీల్యాన్‌ను పంచుకుంటాయి. రెండో నమూనాలో ప్రతి ఇంటికీ సొంత గుర్తు ఉంటుంది: బయటి ట్యాగు వీధి యంత్రాన్ని, లోపలి ట్యాగు ఇంటిని చెబుతాయి. ఆ జంటను చూడగానే ప్రధాన కేంద్రానికి 'ఇది ఫలానా వీధిలో ఫలానా ఇల్లు' అని తెలిసిపోతుంది. పక్కింటి కంప్యూటర్ వేసే కేకలు ఈ ఇంటికి చేరవు. ఒక్క ట్యాగుతో 4094 ఇళ్లకే గుర్తులుంటే, రెండింటితో 4094ను 4094తో గుణించినన్ని, అంటే 1,67,60,836 జంటలు వస్తాయి.

వేరు చేస్తుంది, దాచిపెట్టదు

'టన్నెల్' అన్న మాట ఒక భ్రమను కలిగిస్తుంది. హుగ్లీ కింది సొరంగానికి కాంక్రీటు గోడలున్నాయి, నది నీరు లోపలికి రాదు. వీల్యాన్ సొరంగానికి గోడ లేదు. ఉన్నది చీటీ, ఆ చీటీని గౌరవించే స్విచ్‌లు మాత్రమే. లోపలి సమాచారాన్ని ఈ పద్ధతి గుప్తీకరించదు. దారిలోని స్విచ్‌ను చేతిలో పెట్టుకున్నవారు, ఫైబర్‌ను మధ్యలో పట్టుకోగలిగినవారు ఫ్రేములను యథాతథంగా చదవగలరు. తపాలా సంచిలో ఉన్నవి కవర్లు కావు, పోస్టుకార్డులే.

రెండు ట్యాగులను దాడికి వాడుకునే పద్ధతి కూడా ఉంది. నేటివ్ వీల్యాన్‌ను సరిగా అమర్చని నెట్‌వర్క్‌లో, దాడిచేసేవారు తమ కంప్యూటర్ నుంచే రెండు ట్యాగులతో ఫ్రేము తయారుచేసి పంపుతారు. మొదటి స్విచ్ బయటి ట్యాగు తీసేస్తుంది. రెండో స్విచ్ లోపలి ట్యాగు చూసి, ఆ ఫ్రేమును ప్రవేశం లేని వీల్యాన్‌లోకి పంపేస్తుంది. జవాబు తిరిగి రాదు కాబట్టి ఈ దాడి ఒకవైపే సాగుతుంది. అయినా హాని చేయడానికి అది చాలు. పైన చెప్పిన నేటివ్ వీల్యాన్ జాగ్రత్తే దీనికీ మందు.

అందువల్ల ఆసుపత్రి, బ్యాంకు లాంటి సంస్థలు ప్రొవైడర్ ఇచ్చిన సొరంగాన్ని సగం రక్షణగానే లెక్కించాలి. మిగతా సగం గుప్తీకరణ. ఈథర్‌నెట్ ఫ్రేము స్థాయిలో మ్యాక్‌సెక్, దానిపై స్థాయిలో ఐపీసెక్ లాంటి పద్ధతులు ఇందుకు అందుబాటులో ఉన్నాయి. వాటితో సంచి లోపలి పోస్టుకార్డు సీలు వేసిన కవరుగా మారుతుంది. అప్పుడు చీటీ తారుమారై ఉత్తరం పరాయి ఇంటికి చేరినా, విప్పి చదవడం వాళ్లవల్ల కాదు.

సొరంగాలు పెద్దవవుతున్నాయి

రెండు ట్యాగుల పద్ధతికి హద్దులున్నాయి. బయటి ట్యాగు కూడా 12 బిట్లదే కావడంతో ప్రొవైడర్ ఒక నెట్‌వర్క్‌లో 4094 సేవలే ఇవ్వగలడు. అంతకంటే పెద్ద ఇబ్బంది, వినియోగదారుల పరికరాలన్నిటి మ్యాక్ చిరునామాలనూ ప్రొవైడర్ స్విచ్‌లు గుర్తుపెట్టుకోవాల్సి రావడం. స్విచ్ జ్ఞాపకశక్తికి పరిమితి ఉంది. అది నిండితే కొత్త చిరునామాలకు వచ్చిన ఫ్రేములను మళ్లీ అన్ని వైపులకూ పంపడం మొదలుపెడుతుంది.

2008లో ఆమోదం పొందిన 802.1ఏహెచ్ ప్రమాణం ఈ సమస్యను మరో పొరతో పరిష్కరించింది. వినియోగదారు ఫ్రేమును చిరునామాలతో సహా ప్రొవైడర్ సొంత ఫ్రేములో పెట్టి, 24 బిట్ల సేవా సంఖ్య ఇచ్చింది. 24 బిట్లంటే 1.67 కోట్లకు పైగా సేవలు. నగరాల మధ్య దూరాలకు ఎంపీఎల్ఎస్ అనే లేబుళ్ల పద్ధతి విస్తృతంగా వాడుకలో ఉంది. డేటా కేంద్రాల్లో 2014లో వివరాలు ప్రచురితమైన వీఎక్స్‌ల్యాన్ వాడుకలోకి వచ్చింది. దాని సంఖ్య కూడా 24 బిట్లదే. పేర్లు మారినా కిటుకు మారలేదు: లోపలిదాన్ని ముట్టుకోకుండా పైన మరో చీటీ.

పంచుకున్న దారిలో వేరు చేసిన బాట ఎంత దూరం వెళ్లగలదో సాల్ట్‌లేక్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. ఇక్కడి వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ సెంటర్, జెనీవా సమీపంలోని సెర్న్ ప్రయోగశాలలో జరిగే ఆలిస్ ప్రయోగానికి రెండో శ్రేణి కంప్యూటింగ్ కేంద్రంగా పనిచేస్తోంది. సీసపు కేంద్రకాలు ఢీకొన్నప్పుడు పుట్టే కణాల సమాచారాన్ని ప్రపంచవ్యాప్తంగా ఉన్న ఇలాంటి కేంద్రాలు పంచుకుని విశ్లేషిస్తాయి. భారత్‌లో ఆ రాకపోకలకు నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ దారి కల్పిస్తోంది. సెర్న్ సమాచారాన్ని మామూలు ఇంటర్నెట్ రద్దీ నుంచి వేరుగా నడిపించేందుకు ఎల్‌హెచ్‌సీవన్ అనే ప్రత్యేక నెట్‌వర్క్ కూడా ఉంది. దాన్ని పరిశోధనా సంస్థల ఉమ్మడి ఫైబర్ల మీదే నిర్మించారు. అక్కడ వేరు చేసే పని వీల్యాన్ కంటే పై స్థాయిలో, రౌటర్లలో జరుగుతుంది. అందరి దారిలో ఎవరి బాట వారికి గీయాలన్న ఆలోచన మాత్రం రెండింటికీ ఒకటే.

ఇలాంటి లైను తీసుకునే సంస్థ ప్రొవైడర్‌ను అడగాల్సిన ప్రశ్నలు మూడే. నిండు పరిమాణం ఫ్రేములు ఈ చివరి నుంచి ఆ చివరికి చేరుతున్నాయా? ట్రంకుల్లో ట్యాగు లేని ఫ్రేములకు చోటుందా? మా స్విచ్‌ల స్పానింగ్ ట్రీ సందేశాలు అవతలికి వెళ్తున్నాయా? నాలుగో ప్రశ్న ఆ సంస్థ తనకు తానే వేసుకోవాలి: ఈ చీటీ ఎప్పుడైనా ఊడిపోతే, లోపలున్నది ఎవరైనా చదవగలిగే స్థితిలో ఉందా?